గుర్రం ఎటు చూడాలి

కుంకుమ చాలదనిపించి బంగారురాజు రేకు గుర్రానికి మరో బొట్టు పెట్టాడు. పొద్దుటి నుంచి అది మూడోది. ఒక్కచోట నిలబడలేక మళ్లీ కారు చుట్టూ తిరిగాడు.

సాలూరు షెడ్డులో నలభై ఏళ్లుగా లారీలకు రేకు కొట్టి కొట్టి అతని కుడి భుజం కిందికి జారింది. అతని చేతిలో తయారైన లారీలు రాయపూర్ దాకా తిరుగుతున్నాయి. అతనెవరో వాటి డ్రైవర్లకు తెలియదు. ఈ ఎర్ర మస్టాంగ్ కారు మాత్రం బాగుచేతకని ఏడు నెలలు అతని దగ్గరే ఉంది. అరవై ఏడులో అమెరికాలో పుట్టి, ఓడెక్కి విశాఖలో దిగింది. ఓ ఇంజినీరు దగ్గర ఇప్పటి యజమాని రమేష్‌బాబు తాత కొన్నాడు. ఆయన పోయాక ముప్పై ఏళ్లు చింతపండు గోదాములో పడుంటే, సీట్లలో కోళ్లు పొదిగాయి. ముందు జాలీ మీద కంపెనీ గుర్తుగా ఉండే గుర్రం ఎప్పుడో ఊడిపోయింది. ఎవరూ అడక్కుండానే బంగారురాజు రేకుతో కొత్తది చేసి బిగించాడు. మిగతాదంతా కంపెనీది, అదొక్కటే తనది. అది బండితో వెళితే చాలని పైడితల్లికి మొక్కుకున్నాడు.

"ఏటా తిరుగుడు? ముందల అంబలి తాగు," అంది భార్య అప్పలనరసమ్మ.

"బాబు ఒప్పుకుంటాడంటావేటే?"

"గుర్రమే సేసినావు కదా. గాడిద్నేటి సెయ్యనేదు."

మధ్యాహ్నం విజయనగరం నుంచి రమేష్‌బాబు వచ్చాడు. కారంతా తడిమి మురిసిపోయి, ముందుకొచ్చి ఆగిపోయాడు.

"మావా, ఇదేటి ఇటు సూస్తంది? మస్టాంగ్ గుర్రం అటేపు కదా పరిగెడతాది!"

"పగ్గం పట్టినోడి ఏపు సూడాలి గదా బాబూ. ఈ బండికి స్టీరింగు ఎడంపక్కనున్నాది. అందుకే అటు తిప్పినాను."

రమేష్‌బాబు నవ్వబోయి మానుకున్నాడు. జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. "అసలుది అమెరికా నుంచి తెప్పించినాను. నీకు సెప్పడం మరిసిపోయాను మావా."

బంగారురాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. తళతళలాడుతోంది. తన గుర్రం మెడే కాస్త లావు. కానీ తోలేవాడికి వీపు చూపించి ఈ అసలుది ఎవరి మాట విని పరిగెడుతున్నట్టు? అమ్మవారికే తెలియాలి.

"అసలుది అసలుదే బాబూ," అని తనే స్క్రూలు విప్పాడు.

నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇంజిను ఉరిమింది.

"ఎక్కు మావా, రామభద్రపురం దాకా!"

బంగారురాజు తన లుంగీ వైపు చూసుకున్నాడు. "సీటు మాసిపోతాది బాబూ."

నిమ్మకాయలు చిట్లాయి. కారు మలుపు తిరిగింది.

అతను లోపలికొచ్చి రేకు గుర్రాన్ని అమ్మవారి పటం కింద మేకుకు తగిలించాడు. మళ్లీ బయటికెళ్లాడు. మళ్లీ వచ్చాడు.

"ఇంకేటి ఎతుకుతన్నావు?" అంది అప్పలనరసమ్మ.

రోడ్డు మీద లారీ వెళ్లినప్పుడల్లా గోడ అదిరి, మూడు బొట్ల రేకు గుర్రం ఉన్నచోటనే టకటకమంటూ కదులుతోంది.