ఊరికే

"మీ మిసెస్ ఏం చేస్తుంటారండీ?" అని మా ఆయన ఆఫీసరుగారు హాల్లో కూర్చుని అడిగేసరికి నేను వంటింట్లో నాలుగో పెసరట్టు తిరగేస్తున్నాను. ఆ శనివారం ఆయన్ని టిఫినుకి పిలిచింది మా ఆయన. చేసేది నేను. అడిగింది నా గురించే కాబట్టి జవాబు కూడా నేనే చెప్పాలి, కానీ చేతిలో అట్లకాడ, కళ్ళలో ఉల్లిపాయ ఘాటు. ఈలోగా మా ఆయనే చెప్పేశారు.

"ఏం చెయ్యదండి. ఊరికే ఇంట్లో ఉంటుంది."

ఊరికే! మా పాండురంగారావుగారికి ఈ మాట బుగ్గన పెట్టుకున్న వక్కపలుకు. ఎప్పుడు నోరు తెరిచినా కనిపిస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి కుళాయి దగ్గర నాలుగు బిందెలు పట్టేది ఊరికే. అత్తగారు సుబ్బరత్నమ్మగారి మోకాళ్ళకి నూనె మర్దనా చేసేది ఊరికే, ఆ నూనె కాళ్ళతో ఆవిడ ఇల్లంతా తిరిగితే వెనకాలే గుడ్డ పట్టుకుని తుడిచేదీ ఊరికే. పిలవని చుట్టానికి కాఫీ, పిలిచిన ఆఫీసరుకి పెసరట్టు ఉప్మా, అన్నీ ఊరికే. ఇరవై రెండేళ్ళుగా నేను ఊరికే ఉంటున్నాను, ఒక్క ఊరికీ వెళ్ళకుండా.

ఒక్క ఊరికీ అంటే అబద్ధం. నాకు రెండు ఊళ్ళున్నాయి, రేపల్లె ఒకటి, బాపట్ల ఒకటి. రెండూ నాకు ఊలు ఇచ్చిన ఊళ్ళే. తెనాల్లో ఊలేంటి అని మీరు నవ్వుతారు, తెలుసు. మా ఊళ్ళో చలికాలం అంటే ఫ్యాను ఐదు మీంచి రెండు మీదకి తిప్పుకోవడం. అయినా పుట్టే పిల్లలు పుడుతూనే ఉంటారు, వాళ్ళకి టోపీలు కావాలి, గుమ్మాలకి తోరణాలు కావాలి, టీవీలకి గౌన్లు కావాలి. నేను అల్లుతాను. అల్లుడు అనే మాటలో అల్లడం ఉంది గానీ, మా నాన్నకి అల్లుడైన ఈయనకి మాత్రం అల్లికంటే ఆడవాళ్ళ కాలక్షేపం. నాకు అది కాలక్షేపం కాదు. రోజంతా నేను చేసినవన్నీ సాయంత్రానికి మాసిపోతాయి, అరిగిపోతాయి, అరిగించుకుంటారు. ఇదొక్కటే నిన్న ఎంత చేశానో ఇవాళ అంతా అలాగే ఉంటుంది.

మూడేళ్ళ కిందట, చెరుకుపల్లిలో పెళ్ళికని రేపల్లె పాసింజరు ఎక్కి, కూర్చుని అల్లుకుంటుంటే ఊలు ఉండ ఒళ్ళోంచి జారి సీట్ల కిందగా దొర్లుకుంటూ పోయి ఎవరో ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ తీసి, దుమ్ము దులిపి, "ఏంటక్కా, దీని పేరేమో ఉండ, గుణమేమో ఉండను!" అంది. ఆ ఒక్క మాటకి పడిపోయాను. సైదాబీ. రేపల్లెలో నమాజు టోపీలు అల్లుతుంది. సైదాబీ ద్వారా తనూజ దొరికింది, బాపట్లలో లెక్కల టీచరు, ముప్ఫై నిండని పిల్ల. రెండు ఊళ్ళ రైళ్ళూ తెనాలికే వస్తాయి కాబట్టి రెండు నెలలకోసారి మా స్టేషన్లో బెంచీ మీద కలుసుకుని, ఎవరి దగ్గర మిగిలిన ఊలు వాళ్ళు తెచ్చి మార్చుకుంటాం. నా పసుపు వాళ్ళకి, సైదాబీ ఆకుపచ్చ నాకు, తనూజ నీలం ఇద్దరికీ. ఒకటి రెండుసార్లు నేనే వాళ్ళ ఊళ్ళకి వెళ్ళొచ్చాను. అప్పుడే మా అత్తగారు అన్నారు, "ఊలు వంక పెట్టి ఊళ్ళు తిరుగుతోందిరా మీ ఆవిడ" అని. మా ఇంట్లో శ్లేష నా సొత్తనుకునేదాన్ని. ఆవిడ అనుకోకుండా వేసేశారు. పకపకా నవ్వాను. ఎదురుగా ఇద్దరూ నవ్వలేదు. ఆ మాట నవ్వడానికి అన్నది కాదని అప్పుడు అర్థమైంది. అప్పట్నించి గుమ్మం దాటాలంటే నాలుగు రోజుల ముందు అడగాలి, రెండు పూటలకీ వండి పెట్టాలి, అయినా వచ్చేసరికి రెండు మొహాలూ మాడి ఉంటాయి, నేను మాడ్చకుండానే.

2006 డిసెంబరులో బాపట్లలో ఒక కల్యాణమండపంలో అల్లికల ప్రదర్శన పెడుతున్నారని తనూజ ఆ ఏప్రిల్లోనే ఫోన్ చేసింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో వస్తారట, ఊలు మార్చుకుంటారట, అల్లినవి గోడలకి వేలాడదీస్తారట. మేము ముగ్గురం కలిపి ఒక శాలువా పెడదామనుకున్నాం. అడుగున రేపల్లె ఆకుపచ్చ, మధ్యలో బాపట్ల నీలం, పైన తెనాలి పసుపు. ఎనిమిది నెలలు పట్టింది. ఎక్కువ భాగం నేనే అల్లాను, కానీ రంగు మారే చోట రెండు పోగులూ కలిపి ముడి వేసింది మాత్రం సైదాబీ. ఆవిడ ముడి ఊడదు. ఇక ఆఖరి వరసకి ముగింపు ముళ్ళు మాత్రం మిగిల్చాం. ఆదివారం బాపట్లలో, ఆ మండపంలోనే కూర్చుని, ముగ్గురం మూడు వంతులుగా వేద్దామని ఒప్పందం. అల్లిక సంగతి తెలియని వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ముగింపు ముళ్ళు పడేదాకా అల్లిక మొత్తాన్ని పట్టుకుని ఉండేది సూది ఒక్కటే. ఆఖరి వరసలో నూట ఎనభై ఉచ్చులు సూదికి వేలాడుతూ ఉంటాయి. సూది తీశారా, ఏ పోగు లాగినా వరస వెనక వరస ఊడి వచ్చేస్తుంది.

ఆ శనివారం, టిఫిన్లయ్యాక, కాఫీలు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి ఆఫీసరుగారు లేరు. బయట జీపు స్టార్టవుతోంది. కుర్చీ పక్కన నా అల్లికల బుట్ట బోర్లా ఉంది. టీవీ మీద నా సూది ఉంది, ఒంటరిగా.

"శాలువా ఏదండీ?"

"సారుగారు తెగ మెచ్చుకున్నారే. మేడంగారికి ఇవ్వండని ఇచ్చేశాను. మొహమాటపడ్డారు. మా ఆవిడ ఊరికే చేస్తుందండి, తీసుకోండి అన్నాను."

"సూది..."

"గుచ్చుకుంటుందని నేనే తీశా. ఉండ కూడా కత్తిరించేశా." అదేదో వంటపనిలో నాకు సాయం చేసినట్టు చెప్పారు.

జీపు ఇంకా సందు మలుపు తిరగలేదు. "పిలవండి. దానికి ముడి వెయ్యలేదు."

"మూడు ముళ్ళు నేనేశాగా, ఇంకా ఏం ముడి?" అని నవ్వారు. అత్తగారూ నవ్వారు. జీపు మలుపు తిరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం వార్చాను, బట్టలు ఆరేశాను, అప్పడాలు వేయించాను. చెవులు మాత్రం ఫోను దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు మేడంగారు మడత విప్పుతూ ఉంటారు. ఇప్పుడు అద్దం ముందు కప్పుకుంటూ ఉంటారు. వేలాడుతున్న పోగు కనిపిస్తుంది, లాగుతారు, ఎవరైనా లాగుతారు. నాకు కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. అదీ ఆయన పరువు గురించి కాదు. పసుపు అయిపోయాక నీలం, నీలం అయిపోయాక ఆకుపచ్చ. రేపు పొద్దున్న రైలు దిగే సైదాబీకి ఏం చూపించను?

నాలుగున్నరకి ఫోను మోగింది. మా ఆయన "అయ్యో సార్, అలాగే సార్, సారీ సార్" అని సారుకీ సారీకీ తేడా లేకుండా వల్లించి, స్కూటరేసుకుని వెళ్ళి, క్యారీబ్యాగుతో తిరిగొచ్చి నా ముందు విసిరారు.

"మేడంగారు చిన్న పోగు వేలాడుతుంటే లాగారంట, చేతిలోకి ఇంత చిక్కు వచ్చింది! పరువు తీశావు కదే! ప్రమోషను లిస్టు వచ్చే నెల్లో ఉంది, తెలుసా? రేపు పదింటికల్లా బాగుచేసి నువ్వే పట్టుకెళ్ళి, సారీ చెప్పి ఇచ్చిరా. వాళ్ళ మనవడికి రెండు టోపీలు కూడా కావాలంట."

"రేపు బాపట్ల వెళ్ళాలి. నాలుగు రోజుల కిందటే అడిగాను మిమ్మల్ని."

"ఊళ్ళు తిరిగే ధ్యాసుంటే పని మీద శ్రద్ధ ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నారు అత్తగారు, మోకాళ్ళు నా వైపు చాపి.

నేను క్యారీబ్యాగు విప్పాను. పసుపంతా పోయింది. గిరజాల జుట్టులా చుట్టలు చుట్టుకుపోయి ఉంది, నా ఎనిమిది నెలల్లో ఆఖరి మూడు నెలలు. భయంభయంగా కిందకి తడిమి చూశాను. నీలం ఉంది. పూర్తిగా ఉంది. రెండు రంగులు కలిసిన చోట సైదాబీ వేసిన ముడి అడ్డం పడి అక్కడే ఆగింది. మేడంగారి చెయ్యి ఎంత లాగినా ఆ ముడి రాలేదు. పోయింది తెనాలి ఒక్కటే.

టీవీ మీంచి సూది తెచ్చుకుని దీపాల వేళకల్లా నీలం ఉచ్చుల్ని ఒక్కొక్కటే ఎక్కించుకున్నాను. నూట ఎనభై. మా ఆయన పక్కనే కూర్చుని టీవీలో వార్తలు చూస్తూ, నేను బాగుచేస్తున్నానని అనుకున్నారు. పసుపు మళ్ళీ అల్లలేదు. చిక్కు మాత్రం తీసి ఉండ చుట్టాను.

ఆదివారం ఐదింటికే మెలకువ వచ్చింది, అలవాటు. కుళాయి వచ్చింది. కింద బిందె పెట్టలేదు. నీళ్ళు కాసేపు ఊరికే కారాయి, వెళ్ళి కట్టేశాను. తలస్నానం చేసి నీలం చీర కట్టుకున్నాను. శాలువా, పసుపు ఉండ, సూది సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే మా ఆయన పేపరు మీంచి తలెత్తారు.

"అప్పుడేనా? సారువాళ్ళు పదింటికి రమ్మన్నారు కదా. ఉండు, స్కూటరు మీద దింపుతాను."

"ఉండను," అన్నాను.

ఆయన పేపరు మడిచారు. గదిలోంచి అత్తగారు "కాఫీ ఏదమ్మాయ్?" అంటున్నారు.

"ఉండకపోతే ఎక్కడికి?"

"ఊరికే."

"ఊరికే ఏంటే? పనీపాటా లేకుండా ఎవరన్నా ఊరికే వెళ్తారా?"

గుమ్మం దాటాక వెనక్కి తిరిగాను.

"ఊరికే ఉండేవాళ్ళు వెళ్తారండి," అన్నాను. "ఊరికే."