చెయ్యి చాచిన చోట

మేరెల్ వాళ్ళ నాన్న లీవెన్ ఇళ్ళ పైకప్పులు వేసే మేస్త్రీ. పొద్దుట్నుంచీ పెంకుల మీద నిలబడి, కింద ఉన్న మనిషికి గాలిలో కూడా వినపడేలా కేకలు వెయ్యడం ఆయన పనిలో భాగం. ఆ గొంతు ఇంటికొచ్చినా తగ్గేది కాదు. భోజనాల బల్ల దగ్గర ఆయన ఉప్పు అందించమంటే పక్కింటి కుక్క లేచి మొరిగేది.

మేరెల్ ఎనిమిదో ఏట రేసు సైకిలెక్కింది. అప్పట్నుంచీ ఆ గొంతు రోడ్డు పక్కన ఉంటూనే వచ్చింది. వాళ్ళ ఊరు బ్రాకెల్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో తిరునాళ్ళ రేసు జరిగినా, ఆదివారం పొద్దున్నే తండ్రీ కూతుళ్ళిద్దరూ వ్యానులో బయల్దేరేవారు. వెనక సైకిలు, పక్కన పెంకుల దుమ్ము, ముందు సీట్లో వాళ్ళమ్మ కాత్రీన్ కట్టిచ్చిన రొట్టెముక్కలు. వీపు మీద నంబరు గుడ్డకు పిన్నులు పెట్టడం, టైర్లలో గాలి చూడడం, ఎక్కే దారిలో నీళ్ళ సీసా అందించడం, అన్నీ ఆయనే. "మోచెయ్యి! మోచెయ్యి వంచు!" అని ఆయన అరిస్తే మేరెలే కాదు, గుంపులో ఉన్న పిల్లలందరూ మోచేతులు వంచేవారు.

అది ముచ్చటగా ఉన్నన్నాళ్ళు ముచ్చటగానే ఉంది. పదహారో ఏడు వచ్చి జూనియర్లలో చేరాక ముచ్చట తగ్గింది. క్రితం సెప్టెంబరులో ఒక రేసులో చివరి మలుపు తడిగా ఉంది. మేరెల్ బ్రేకులు పట్టింది. పదకొండోదిగా వచ్చింది. ముగింపు గీత దాటి ఆగీ ఆగకముందే లీవెన్ వచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు.

"బ్రేకులు అరగదీయడానికి వచ్చావా ఇక్కడికి? అవతలి పిల్లలకి ప్రాణాలు లేవా, నీకొక్కదానికే ఉన్నాయా?"

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు తమ తమ బూట్ల కేసి చూసుకున్నారు. ఆమె కంటే ముందొచ్చిన జీటా మూర్మన్ అనే అమ్మాయి, ఏమీ విననట్టు హెల్మెట్ పట్టీ విప్పుకుంటూ అవతలికి నడిచింది. మేరెల్‌కి ఆ కేకల కంటే జీటా అలా నడిచి వెళ్ళిపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఇద్దరూ వ్యానులో ఇంటికొచ్చారు. ఇంటి ముందు ఇంజను ఆగాక మేరెల్ ఎటో చూస్తూ అంది. "ఇకమీదట నువ్వు రావద్దు పప్పా."

లీవెన్ స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. "సరే" అన్నాడు. జీవితంలో అంత మెల్లగా ఆయన ఒక మాట అనడం అదే మొదటిసారి.

ఆయనకు మాటంటే మాటే. వసంతంలో రేసులు మొదలయ్యాయి గాని ఆయన రాలేదు. ఒక్కసారి కూడా, చాటుమాటుగా కూడా రాలేదు. మేరెల్ చూసింది కనక ఆ సంగతి ఆమెకు తెలుసు. మొదట్లో ప్రతి రేసులోనూ రోడ్డు పక్క జనాన్ని వెతికేది. రానందుకు ఊపిరి పీల్చుకునేది, ఆ వెంటనే మళ్ళీ వెతికేది.

నంబరు గుడ్డ వీపు మీద ఎవరికి వాళ్ళు పెట్టుకోలేరని ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది. చొక్కా విప్పి, చర్చి హాల్లో బల్ల మీద పరిచి, పిన్నులు గుచ్చి, మళ్ళీ తొడుక్కుంటే నంబరు ఒక పక్కకు ఒరిగిపోయేది. మిగిలిన పిల్లలు తల్లుల ముందు వీపు తిప్పి నిలబడి కబుర్లు చెప్పుకునేవారు. ఆమె సైకిలు క్లబ్బు చిన్నది. ఉన్నదొక్కటే కారు, అది ఎప్పుడూ మగపిల్లల రేసు జరిగే ఊరికి పోయేది. మేరెల్ వీపున సంచీ తగిలించుకుని రేసు జరిగే ఊరిదాకా తన సైకిలు మీదే పోయి, సంచీ అక్కడి హోటలామె దగ్గర దాచి, రేసులో తొక్కి, మళ్ళీ తొక్కుకుంటూ ఇంటికి వచ్చేది.

బయటివాళ్ళు అనుకుంటారు గాని, గుంపులో తొక్కేవాళ్ళకు తోడు ఉండదు. మోచెయ్యి మోచేతికి రాసుకుంటుంది, ముందున్న పిల్ల చెమట మొహాన పడుతుంది, పక్కనున్న పిల్ల ఊపిరి మన చెవిలోనే ఆడుతున్నట్టుంటుంది. అయినా ఎవరి కాళ్ళ నొప్పి వాళ్ళదే. రేసయ్యాక ఎవరి కార్ల దగ్గరికి వాళ్ళు పోతారు. మేరెల్ ఇరవయ్యో ముప్పయ్యో స్థానంలో వచ్చి, చెరువుగట్టులా నిశ్శబ్దంగా ఉన్న కాలువ దారంట ఇంటికి మళ్ళేది.

ఇంట్లో లీవెన్ అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు. కాత్రీన్ వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది, ఆదివారాలు సాయంత్రం దాకా డ్యూటీ. రాగానే ఇద్దరి మొహాలూ చూసి, ఒకే అచ్చులో పోసిన మొండి ఇటుకలు రెండూ అని గొణుక్కుని పొయ్యి వెలిగించేది.

జులైలో వోర్టెగెమ్ అనే ఊళ్ళో రేసు వచ్చింది. ఆ రోజు ఎండకు రోడ్డు మీద తారు మెరుస్తోంది. దారంతా ఒక చుట్టు. చర్చి దగ్గర మొదలై, మొక్కజొన్న చేల మధ్యగా పోయి, కొంత దూరం రాళ్ళు పరిచిన దారి, తరవాత గుట్ట మీదికి ఒక ఎక్కుడు, మళ్ళీ చర్చి. ఆ చుట్టే మళ్ళీ మళ్ళీ తొక్కాలి. ఎక్కుడు మీద ఎడమపక్క సీసాలందించే చోటు.

మేరెల్ సైకిలుకు రెండు సీసాలు బిగించుకుని వెళ్ళింది. రెండో చుట్టులోనే రాళ్ళదారి కుదుపుకి ఒకటి ఎగిరి రోడ్డు పక్క కాలవలో పడింది. రెండోదాన్ని పొదుపుగా, నోరు తడుపుకోవడానికి తప్ప తాగకుండా నెట్టుకొచ్చింది. సగం రేసు గడిచాక జీటా మూర్మన్ ఎక్కుడు మీద విసురుగా ముందుకు దూకింది. ఏం ఆలోచించిందో ఏమో, మేరెల్ ఆమె వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కింది. ఇంకో ఇద్దరు వచ్చి కలిశారు. పైకెక్కి వెనక్కి చూస్తే గుంపు లేదు. అంతకు ముందెప్పుడూ ఆమె గుంపుకు ముందు లేదు. అంత ఖాళీ రోడ్డు చూడగానే భయం వేసింది.

నలుగురూ వంతులవారీగా గాలికి ఎదురు తొక్కారు. మాటల్లేవు. మోచెయ్యి కాస్త విసిరితే, నా వంతు అయింది నువ్వు రా అని అర్థం. ఆ చుట్టు ముగిసేసరికి మేరెల్ సీసా ఖాళీ అయింది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. ఎక్కుడు దగ్గరికి వచ్చారు. జీటాకి వాళ్ళ జట్టు మనిషి సీసా అందించాడు. రెండోపిల్లకి తల్లి, మూడోపిల్లకి అన్న. ఒకటి, రెండు, మూడు చేతులు చాచుకున్నాయి, మూడు సీసాలు అందుకున్నాయి.

అప్పుడు ఆమెకు పైన వరస చివర ఒక మనిషి కనిపించాడు. వెడల్పాటి భుజాలు, పనివాళ్ళు వేసుకునే ఆకుపచ్చ చొక్కా, కళ్ళమీదికి లాగిన టోపీ. మేరెల్ కళ్ళకు అచ్చం నాన్నే. ఏమీ అనుకోకుండానే సైకిలు అటు మళ్ళించింది, చెయ్యి చాచింది.

ఆయన చేతిలో బీరు గ్లాసు ఉంది. ఎవరో ముసలాయన. మీసాలకు నురగ అంటుకుని ఉంది. తన కేసి వస్తున్న చేతిని చూసి గ్లాసు గుండెకు హత్తుకున్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మేరెల్ చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది. ఆ చేత్తోనే హ్యాండిలు పట్టుకుని, ముందు ముగ్గురికీ తనకూ మధ్య పెరిగిన దూరాన్ని పళ్ళబిగువున తొక్కి పూడ్చింది.

మొక్కజొన్న చేల దగ్గర ఆమెకు ఏడుపు వచ్చింది. కన్నీళ్ళకు కూడా ఒంట్లో నీళ్ళు చాలవేమో, కళ్ళు మండాయంతే. తనే రావద్దంది. తన మాటే నిలబడింది. ఎవర్ని అనాలి? వంతు వచ్చినప్పుడు ముందుకెళ్ళి తొక్కింది. ఇంకోసారి ఎక్కుడు వచ్చేసరికి చెవుల్లో ఒకటే హోరు. ఇక్కడితో ఆగిపోదాం, గడ్డిమీద పడుకుందాం అనుకుంది.

పైన వరస చివర ఆకుపచ్చ చొక్కా మళ్ళీ కనిపించింది. ఈసారి గ్లాసు లేదు. ముసలాయన రెండు చేతులతో నీళ్ళ సీసా ఒకటి, హోటళ్ళలో అమ్మేది, మూత తీసి, చర్చిలో కొవ్వొత్తి పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. "ఇదిగో అమ్మాయ్, ఇదిగో!" మేరెల్ లాక్కుంది. సగం ఆయన చొక్కా మీద, పావు తన మోకాలి మీద పడ్డాయి. మిగిలిన పావూ తాగింది.

చివరి చుట్టులో మిగతా ఇద్దరూ వెనకబడ్డారు. జీటా, మేరెల్ మిగిలారు. గీతకు ముందు ఆఖరి మలుపులో మేరెల్ బ్రేకు మీద వేలైనా వెయ్యలేదు. అయినా జీటాయే గెలిచింది, అరచక్రం తేడాతో. అయితే ఈసారి జీటా నడిచి వెళ్ళిపోలేదు. వంగి రొప్పుతూ, "నీ నంబరు ఎప్పుడూ వంకరే. వచ్చేవారం మా అమ్మ పెడుతుందిలే, నేను చెప్తాను" అంది. మేరెల్ తల ఊపింది.

మైకులో ఆమె పేరు తప్పుగా చదివారు. పూలగుత్తి ఇచ్చారు. ఫొటోకి పక్కన నిలబడ్డవాళ్ళకు ఎదురుగా ఎవరో ఒకరు చేతులూపుతున్నారు. మేరెల్ ఎక్కడ చూడాలో తెలియక చర్చి గడియారం కేసి చూసింది.

తరవాత ముసలాయనను వెతుక్కుంటూ హోటల్లోకి వెళ్ళింది. పేకాట బల్ల దగ్గర దొరికాడు. థాంక్స్ చెప్పింది.

"మొదట నా బీరు అడుగుతున్నావనుకున్నాను" అన్నాడాయన ముక్కలు సర్దుకుంటూ. "ఈ కాలం పిల్లలు, ఎవరు చెప్పొచ్చారు. మీవాళ్ళెవరూ రాలేదా?"

"మా నాన్నకి పనుంది."

"ఆదివారం పూట?"

మేరెల్ హెల్మెట్ పట్టీ సర్దుకుంది. ఆయన రెట్టించలేదు. పక్కవాడు ముక్క వెయ్యమని కసిరితే మళ్ళీ ఆటలో పడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి వీపు సంచీలోంచి పూలు బయటికి తొంగిచూస్తున్నాయి. దారి పొడుగునా ఆమె ఒకటే అనుకుంటూ వచ్చింది. ఈ పూలు చూస్తే నాన్న మాట్లాడతాడు. మాట్లాడితే, రమ్మని అడుగుతాను. అంతే, ఇంత చిన్న విషయం.

లీవెన్ పెరట్లో నిచ్చెనకు కొత్త మెట్టు బిగిస్తున్నాడు. పూలు చూశాడు. సుత్తి కింద పెట్టాడు. ఎన్నోది అన్నాడు. రెండోది అంది. ఆయన నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. ఎవరు ముందు దూకారు, గాలి ఎటునుంచి వచ్చింది, ఎక్కుడు మీద ఏ గేరు వేశావు, అన్నీ ఒక్కొక్కటే అడిగాడు. ఆకలిగొన్నవాడు చారు తాగినట్టు విన్నాడు. బీరు ముసలాయన సంగతి చెబితే నవ్వాడు. ఆయనను చూసి నువ్వేననుకున్నానని మాత్రం ఆమె చెప్పలేదు.

చివరికి అడిగింది. "వచ్చేవారం నువ్వు రా, పప్పా."

లీవెన్ నిచ్చెన కొత్త మెట్టును బొటనవేలితో రుద్దాడు.

"వద్దులే అమ్మా."

"నేనేగా పిలుస్తున్నాను."

"వస్తే అరుస్తాను. అరవనని నీకు మాటివ్వగలను, కాని గుంపు కనపడగానే ఆ మాట నాకు గుర్తుండదు. నా సంగతి నాకు తెలుసు." ఆయన పూల కేసి చూశాడు. "నేనున్నప్పుడు పదకొండు. నేను లేనప్పుడు రెండు. ఇంతకంటే ఏం కావాలి?"

 మేరెల్ ఆ రెండోస్థానాన్ని ఆయన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మోసుకొచ్చింది. అదే ఆయన్ని ఇంకా దూరంగా నిలబెట్టింది. "అది కాదు పప్పా" అంది. ఏది కాదో చెప్పలేకపోయింది. ఆయన ఆమె భుజం మీద పెంకుదుమ్ము చెయ్యి ఒకసారి వేసి, సుత్తి తీసుకున్నాడు. మేరెల్ లోపలికి వెళ్ళి పూలను నీళ్ళలో పెట్టింది. అంత పెద్ద గుత్తికి సరిపోయే కూజా ఇంట్లో లేదు, బకెట్లో పెట్టాల్సి వచ్చింది.

ఆయన రేసుకు రాలేదు. ఆ ఏడాదే కాదు, మరుసటి ఏడాదీ రాలేదు. అయితే ఆగస్టులో ఒక బుధవారం మధ్యాహ్నం, ఎవరి దగ్గర కొన్నాడో, పాత మోపెడ్ ఒకటి తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. హెల్మెట్ పెట్టుకుని, ఇంజను స్టార్టు చేసి, తన వెనక రమ్మని చేత్తో సైగ చేశాడు. దాని మోత దుక్కి ట్రాక్టరు మోతకేం తీసిపోదు. మేరెల్ ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో సైకిలు పెట్టి తొక్కింది. ఆయన వెడల్పు వీపు గాలిని ఆపింది. ఆయన అరుస్తున్నాడో లేదో తెలియదు. అరిచినా ఆ మోతలో వినపడదు. ఆమె తొక్కు వేగం మందగిస్తే ఇంజను గొంతు తగ్గేది, పుంజుకుంటే పెరిగేది. అంతవరకే వాళ్ళ సంభాషణ.

ఆ వారం ఆదివారం పొద్దున మేరెల్ లేచేసరికి ఆయన కిటికీ దగ్గర కాఫీ తాగుతున్నాడు. మబ్బుగా ఉంది, గాలి పడమటినుంచి అన్నాడు. చూశానంది. సంచీ తగిలించుకుని, సైకిలెక్కి, వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. ఆయన చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తి, మలుపు తిరిగి, కాలువ దారి పట్టింది. ఆ వేళప్పుడు దారిలో ఎవరూ లేరు.