నాలుగో తావులో పట్టని పాదాలు

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

సెవిల్‌లో మాకో అచ్చాఫీసు ఉంది. నాన్న పోయాక అమ్మే నడుపుతోంది. ఆవిడ పేరు బ్రీహిదా. అక్షరాలు పేర్చేది నేను, కసీల్డాని. మేం వేసేవి విడి నాటకాలు. కుట్టుండదు, అట్టుండదు. నాలుగు తావుల కాగితం, మడిస్తే ముప్ఫై రెండు పేజీలు, పేజీకి రెండు నిలువు వరసలు, అంతే. ఎంత గొప్ప కవి రాసినా అందులోనే ఇమడాలి. ఐదో తావు ముట్టుకున్నామా, అమ్మ చూపుకే పెట్టెలో సీసపు అక్షరాలు కరిగిపోతాయి. అచ్చయినవాటిని కళ్ళులేని పాటగాళ్ళు తాడుమీద బట్టల్లా వేలాడదీసి వీధుల్లో అరుస్తూ అమ్ముతారు. చేపలకని వెళ్ళినవాళ్ళు నాటకం కూడా కొనుక్కొస్తారు. చదవడం అయ్యాక చేపలు చుట్టేది కూడా అందులోనే.

మా అక్క హెరోనిమా నాటకాల కంపెనీలో ఉంది. ఏళ్ళ తరబడి చెలికత్తె వేషాలు వేసి వేసి, ఈ ఏడే నాయికయింది. కంపెనీ పెద్ద రోకేకి లోకంలో ఒక్కటే భయం, అచ్చు. ఒకసారి అచ్చయిన నాటకాన్ని ఏ ఊళ్ళో ఏ కంపెనీ అయినా ఆడేసుకుంటుంది మరి! అందుకే చేతిరాత ప్రతిని పెట్టెలో పెట్టి, తాళం వేసి, ఆ పెట్టెమీదే కూర్చుని అన్నం తింటాడు.

పెట్టెకి తాళం వేయొచ్చు. తదేయో చెవులకి ఎలా వేస్తాడు? తదేయో అంటే మా ఊరి జ్ఞాపకాల మనిషి. నేల జనంలో నిలబడి రెండు మూడు ఆటలు చూశాడంటే నాటకం మొత్తం అప్పజెప్పేస్తాడు. దోన్ ఉర్బానో అనే కవి రాసిన కొత్త నాటకాన్ని అలాగే బుర్రకెక్కించుకుని మా గుమ్మంలో వాలాడు.

"అమ్మా, ఇది అక్క ఆడుతున్న నాటకమే!" అన్నాను.

"మనం వేయకపోతే ఎదురింటివాళ్ళు వేస్తారు. అయినా దానిమీద మన పేరెక్కడుంటుందే? నువ్వు చెప్పవయ్యా తదేయో."

తదేయో కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. అమ్మ రాసుకుంది. మొదటి అంకం, రెండో అంకం నదిలా పోయాయి. మూడో అంకంలో ప్రియుడు నాయికని వదిలేసి గుర్రమెక్కగానే టక్కున ఆగిపోయాడు.

"ఇక్కడ అమ్మాయి ఏడుస్తుందండీ."

"ఏమని?"

"ఏమనో... బాగా ఏడుస్తుంది. వెళ్ళిన ప్రతిసారీ సరిగ్గా అక్కడికొచ్చేసరికి నా పక్కన వేయించిన గింజలమ్మేవాడు ఎవరో ఒకరితో గొడవ పెట్టుకుంటాడమ్మా. ఒక్క ముక్క వినపడితే ఒట్టు!"

"నీ మొహం! వరసలో అంత ఖాళీ వదిలితే జనం నవ్వరూ?" అని అమ్మ కలం నములుతూ ఒక్క నిమిషం ఆలోచించింది. "వదిలేసి పోయినవాడితో ఆడది ఏం మాట్లాడుతుందో నాకు తెలీదా ఏంటి? తప్పుకో."

రాసేసింది. నేను నవ్వుకుంటూనే పేర్చాను. తీరా చూస్తే నాలుగో తావు నిండిపోయింది, చివర్న రెండు పద్యపాదాలు మిగిలిపోయాయి. అమ్మ తను రాసిన మాటల చివర వేలితో గీత గీసినట్టు చూపించింది. "ఇక్కడికి కోసెయ్." మిగిలిన అక్షరాలు తీసి వాటి గళ్ళలో వాటిని పడేశాను. మా పనిలో ఇది రోజూ ఉండేదే.

ఆ నాటకం వేడివేడి రొట్టెల్లా అమ్ముడైపోయింది. నూతుల దగ్గర, బట్టలుతికే రేవులో, ట్రియానా వంతెన మీద, ఆడవాళ్ళ నోళ్ళన్నిటా అమ్మ రాసిన పాదాలే!

"పోతే పో! నీకోసం కార్చడానికి
నా కళ్ళేమన్నా ఊరుమ్మడి బావులా?
వానలో నువ్వు నిలబడు,
ఆలివ్‌లు తింటూ నేను చూస్తా."

ఇంకేం, ఓ పొద్దున రోకే ఊడిపడ్డాడు. వెనకాలే మా అక్క, ఏడ్చి ఏడ్చి మొహం ఎర్రగా వాచిపోయి ఉంది.

"బ్రీహిదమ్మగారూ, ఈ కాలు విరిగిన పెద్దక్షరం ఎవరిదండీ?" అంటూ ప్రతి తీసి మా ముందు పడేశాడు. ఊరంతా మా అచ్చుని ఆ కుంటి అక్షరంతోనే గుర్తుపడుతుందన్న సంగతి అమ్మకి ఆ క్షణం దాకా తట్టలేదు. "మీ పెద్దమ్మాయి నా పెట్టె తెరిచి నాటకం పట్టుకొచ్చి మీకిచ్చింది. ఇలాంటి పిల్ల నా కంపెనీలో ఒక్క పూట కూడా ఉండదు."

"తదేయో చెప్పాడు, మేం వేశాం" అంది అమ్మ.

"దొరికిపోయిన ప్రతివాళ్ళూ తదేయో పేరే చెబుతారు!"

అప్పుడు అక్క ఆ ప్రతి లాక్కుని మూడో అంకం తిప్పింది. "రోకేగారూ, ఈ ఆలివ్‌లు చూడండి. మన నాటకంలో ఆలివ్‌లెక్కడున్నాయి? 'నిర్దయుడా, నీ పాదధూళిలో ప్రాణం విడుస్తున్నా' అని నేను రోజూ స్పృహ తప్పి పడట్లేదా? నేనే దొంగిలించి ఇస్తే ఆ ముక్కే వేసేవాళ్ళు కదా!"

రోకే గడ్డం గోక్కున్నాడు. "ప్రతి నా చేతికి రాకముందు దోన్ ఉర్బానో ఏమైనా మార్చాడేమో. రేపు ఆటకి వస్తాడుగా, ఆయన్నే అడుగుతా. ఈ పాదాలు ఆయనవి కావంటే నువ్వుంటావు. ఆయనవే అంటే పాత ప్రతి నువ్వే ఎక్కడో సంపాదించి వీళ్ళకిచ్చినట్టే, నీ మూట నువ్వు కట్టుకో."

సరే, అందులో భయమేముంది? ఆయనవి కావుగా! అక్క ఆ పూట కడుపునిండా తింది కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఆటకి అమ్మా నేనూ ఆడవాళ్ళ అటక మీద కూర్చున్నాం. దాన్ని మా ఊళ్ళో వంటకుండ అంటారు, లోపలున్నవాళ్ళం ఉడికిపోతాం కాబట్టి. మూడో అంకం వచ్చింది. ప్రియుడు గుర్రమెక్కాడు. అక్క గుండెమీద చెయ్యి వేసుకుని "నిర్దయుడా..." అంది.

"ఆలివ్‌లు!" అని మా పక్కనున్న చేపలావిడ అరిచింది.

"అది కాదమ్మాయ్, సరిగ్గా చెప్పు! పుస్తకంలో అలా లేదు!" అని ఇంకో గొంతు.

తాళంచెవులు నోట్లో పెట్టుకుని ఈలలు. నేల జనం కాళ్ళతో దరువు. అక్క ఒకసారి రోకే వైపు చూసింది. ఆయన ఆ రోజు నాయిక తండ్రి వేషంలో, పెట్టుడు గడ్డంతో పక్కనే నిలబడి ఉన్నాడు. జనం నోరు మూయించడానికి ఇంక దారేముంది? కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అక్క కన్నీళ్ళు తుడుచుకుని, నడుంమీద చేతులు పెట్టి, "పోతే పో!" అంది. ఇంక చూడండి! వంటకుండ పొంగిపోయింది.

గొప్పవాళ్ళు కూర్చునే పై గదిలోంచి ఒకాయన లేచి, టోపీ తీసి, నాలుగు వైపులకీ తిరిగి వంగి వంగి దండాలు పెడుతున్నాడు. దోన్ ఉర్బానో!

రోకే వేదిక మీదనుంచే తలెత్తాడు. "అయ్యా! ఈ ఆలివ్‌ల పాదాలు మీవేనా?"

"నావి కాక నీవా?" అన్నాడు కవి.

అక్క మొహం సున్నంలా తెల్లబడింది. రోకే నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగి, "అయితే హెరోనిమా, ఇంక నీ మూట..." అన్నాడు. కింద జనం, తండ్రి కూతుర్ని గెంటేస్తున్నాడనుకుని "వద్దు, ముసలోడా!" అని ఏడుపు మొదలుపెట్టారు.

పక్కన చూస్తే అమ్మ లేదు. అటక అంచున కటకటాలు ఎక్కి నిలబడి ఉంది.

"ఓ కవిగారూ! తరవాతి పాదాలు చెప్పండి!"

"తరవాత... ఏమీ లేవు. అది అక్కడితో అయిపోయింది!"

"అయిపోయింది పద్యం కాదు నాయనా, కాగితం! నాలుగో తావు నిండిపోయిందని నేనే కోయించా. వినండి:

గింజలు నీ నెత్తినే ఉమ్ముతా,
కిటికీ ఉన్నది అందుకేగా!"

శాల మొత్తం ఎలా గోలెత్తిందంటే, పైకప్పు పావురాలు ఒక్కటి మిగలకుండా నది దాటిపోయాయి. రోకే నవ్వి నవ్వి, పెట్టుడు గడ్డం ఊడి చేతికొచ్చింది. ఆ గడ్డంతోనే అక్కకి దండం పెట్టాడు. "ఉండు తల్లీ, ఉండు. మీ అమ్మని మాత్రం ఇంట్లో కట్టేసి రా."

కథ అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. ఈ పొద్దున దోన్ ఉర్బానో మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడిపోయాయి. చేతిలో అచ్చుకని తెచ్చిన కొత్త నాటకం, మూడో అంకంలో సరిగ్గా ఒక వరస ఖాళీ.

"బ్రీహిదమ్మగారూ, అక్కడ... మీకు తోచింది ఏదైనా... నాయిక వేషం హెరోనిమాకే అని రోకేకి రాసిస్తాను. కాకపోతే పైన పేరు మాత్రం నాది ఒక్కటే ఉండాలి. ఈ మాటకి ఒప్పుకుంటేనే వేషం."

అమ్మ కలం తీసుకుంది, ఖాళీ నింపేసింది, కాగితం సిరా కోసం బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి, "అమ్ముడుపోవాలంటే మాడ్రిడ్‌లో ఉన్న ఆ పెద్దకవి పేరు పెట్టవే, ఆయన రాయని నాటకాలకి ఆయన పేరు పెట్టడం మనకేం కొత్తా?" అని నవ్వి, "నీ ఇష్టం, పేర్చేదానివి నువ్వు" అనేసి వెళ్ళిపోయింది.

మొదటి పేజీ పైన ఒక్క పేరే పడుతుంది. అమ్మ పేరు పెడితే అక్క వేషం పోతుంది. దోన్ ఉర్బానో పేరు పెడితే ఊరంతా పాడుకోబోయే అమ్మ పాదాలు ఆయనవైపోతాయి. అక్క నా వెనకాలే తిరుగుతూ కొత్త పాదాలు బట్టీ పడుతోంది, మధ్యమధ్యలో పగలబడి నవ్వుతోంది. ఈసారి అమ్మ ఉల్లిపాయల గురించి రాసింది లెండి. కుంటి అక్షరం నా చేతిలో ఉంది, పేరు పేర్చాల్సిన చోటు ఖాళీగా ఉంది. మీరైతే ఎవరి పేరు పేరుస్తారు?