ఎనిమిది నిమిషాల గది

మా కోటలో రాణివాసం దాటాక ఒక చిన్న గది వస్తుంది. ఒక కిటికీ, గోడలో ఒక గూడు, అంతే. ఆ గది ఎవరిదో, దేనికి వాడేవారో ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడి నుంచి ఖజానాకు వెళ్లే దారి ఒక్క మనిషి పట్టేంత సందు. ముందు గుంపు అవతలికి వెళ్లేదాకా వెనక గుంపు ఆ గదిలోనే ఆగాలి. తక్కువలో తక్కువ ఎనిమిది నిమిషాలు.

పద్దెనిమిదేళ్లుగా నేనక్కడ గైడుని. మొదట్లో ఆ గదిలోకి రాగానే నాకు దిక్కుతోచేది కాదు. పాతికమంది మనుషులు, ఒక్క కిటికీ, చెప్పడానికి ఏమీ లేదు. పిల్లలు నీళ్లంటారు, పెద్దలు వాచీలు చూసుకుంటారు. "ఇది ఎవరి గదండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "తెలియదండీ" అంటే, నేనేదో దాచుకున్నట్టు మొహం పెడతారు.

ఆరేళ్ల కిందట ఒక ఎండాకాలం ఒక పెద్దావిడ అదే ప్రశ్న అడిగింది. జవాబు నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఇది చిన్నరాణి గదండీ. పుట్టబోయే బిడ్డకోసం ఆవిడ పట్టుదారంతో మేజోళ్లు అల్లుతుండేది. ఒకటి పూర్తయ్యేసరికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పిల్ల దక్కలేదు. రెండోది ఇక అల్లలేదు. ఆ ఒక్కదాన్నీ ఈ గూట్లో దాచుకుంది. రాజుకు కూడా చెప్పలేదు."

పెద్దావిడ గూట్లోకి చెయ్యి పెట్టి తడిమింది, ఖాళీ అని కనిపిస్తున్నా.

చిన్నరాణి అంటూ ఎవరూ లేరు. మేజోడు మాత్రం ఉంది. మా అక్క కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల వెనక, జేబురుమాలులో చుట్టి ఉండేది. నేను ఊలును పట్టు చేశాను, అంతే.

ఆస్పత్రి నుంచి వచ్చిన నెల రోజులకు అక్క నాకది చూపించింది. "పిల్ల బట్టలన్నీ ఎవరికో ఇచ్చేశాననుకుంటున్నాడు మీ బావ. ఇది చూస్తే కుంగిపోతాడే. నీకూ నాకూ మధ్యే ఉండాలి" అంది. నేను తలూపాను. గదిలో కథ చెప్పేటప్పుడు కూడా మాట తప్పానని నాకనిపించలేదు. అక్క పేరెత్తలేదు కదా, ఎవరికేం తెలుస్తుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు. జనం కళ్లు తుడుచుకుంటుంటే, ఇన్నాళ్లకు పని చేతనైందనిపించింది.

మాలో పెద్ద గైడు ఒకాయన ఉన్నాడు. గొంతు పెద్దది కాబట్టి మైకన్న అంటాం. "చిన్నరాణి సంగతి ఏ పుస్తకంలోదమ్మా?" అని ఒకరోజు అడిగాడు. "ఎక్కడో చదివాన్లే అన్నయ్యా" అన్నాను. ఆ నెల తిరక్కముందే కోటలో గైడులందరూ ఆ కథే చెప్పడం మొదలుపెట్టారు.

పోయిన చలికాలంలో బావ ఫోన్ చేశాడు. "ఏమ్మా మరదలా! మా ఆఫీసువాళ్లం పది కుటుంబాలం వస్తున్నాం. నువ్వే చూపించాలి. మీ అక్కనీ తెస్తున్నా. చెల్లెలి ఉద్యోగం ఇన్నేళ్లలో ఒక్కసారి చూసిన పాపాన పోలేదు."

"అక్కకు మోకాళ్ల నొప్పులు కదా బావా, అన్ని మెట్లెక్కలేదేమో."

"నేను లేనూ, మోసుకొస్తా!" అని నవ్వాడు.

ఆ గదిలో తెలియదనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఎనిమిది నిమిషాలూ ఫొటోలు తీయించి నెట్టుకొద్దామనుకున్నాను.

ఆ రోజు బావ హుషారు చూడాలి. పెద్ద ఫిరంగి దగ్గర నిలబడి, "ఇదెంతండీ, మా మేనేజరు గొంతు ముందు?" అన్నాడు. పక్కనే ఉన్న మేనేజరు కూడా నవ్వేశాడు. అక్క నా వెనకే గొడుగు ఊతంగా పెట్టుకుని మెట్లెక్కుతోంది. "ఎంత బాగా చెప్తున్నావే! ఇంటికొస్తే మూడు ముక్కలు మాట్లాడవు" అంది. ఆమె మొహంలో గర్వం చూడలేక ముందుకు తిరిగి మెట్లెక్కాను.

గదిలోకి వచ్చాం. ముందు గుంపు ఇంకా సందులోనే ఉంది.

"ఇది ఎవరి గది?" అన్నాడు బావ.

"తెలియదు బావా."

"గైడువై ఉండి తెలియదంటే ఎలా? నీ కార్డు లాక్కోమంటావా?"

అందరూ నవ్వుతుండగానే వెనక గుమ్మంలో మైకన్న గొంతు మోగింది. ఆయన గుంపు వసారాలో ఆగింది. "అదిగోనండీ, చిన్నరాణి గది!" అన్నాడు. వద్దని చెయ్యి ఊపాను. పలకరిస్తున్నాననుకుని ఆయనా చెయ్యి ఊపి, మొదలుపెట్టేశాడు.

ఎనిమిదో నెల. ఒకే ఒక్క మేజోడు. రాజుకు తెలియకుండా దాచిన గూడు. "ఎవరూ లేనప్పుడు దాన్ని తీసి చెంపకు ఆనించుకునేదటండీ" అని కూడా అన్నాడు. ఆ ముక్క నాది కాదు, ఆయనే కలిపాడు. కానీ అక్కకు అదెలా తెలుస్తుంది?

నేను అక్క వైపు చూడలేదు. గొడుగు పట్టుకున్న ఆమె చెయ్యే కనిపించింది. వేళ్లు తెల్లబడ్డాయి.

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పాపం కదూ" అన్నాడు అక్కతో. "అంత బాధ ఒక్కతే మోసింది. రాజుకు చెప్పుంటే బాగుండేది."

"అవును" అంది అక్క. "బాగుండేది."

కోట బయట కుళాయి దగ్గర అక్క మొహం కడుక్కుంటుంటే పక్కకు వెళ్లాను. కొంగుతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"రోజుకు ఎన్నిసార్లు చెప్తావు?"

"అక్కా..."

"చెప్పవే. ఎన్నిసార్లు?"

"రెండు. సెలవుల్లో నాలుగు."

"ఎన్నేళ్లుగా?"

"ఆరేళ్లు."

కుళాయి కట్టేసింది. "నేను మీ బావకు ఒక్కసారి కూడా చెప్పలేకపోయానే" అంది. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. అక్క తిట్టలేదు. బస్సెక్కే ముందు అందరికీ చెప్పినట్టే నాకూ వెళ్లొస్తానని చెప్పింది.

మర్నాడే మైకన్న దగ్గరికి వెళ్లి, ఆ కథ నేను కల్పించిందేనని, ఇక చెప్పొద్దని బతిమాలాను. "నేను మానేస్తానమ్మా. మిగతావాళ్లకూ చెప్తాను. కానీ వచ్చేవాళ్లే అడుగుతున్నారు కదా, వాళ్ల నోరెవరు మూస్తారు?" అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. ఇప్పుడు నేను తెలియదంటే, గుంపులో ఎవరో ఒకరు "చిన్నరాణి గదండీ, మా వదిన చెప్పింది" అంటారు. మిగతావాళ్లు వరస కట్టి గూట్లో చెయ్యి పెట్టి చూస్తారు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడతాను.

అక్క ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. మోకాళ్ల గురించి, పాలవాడి గురించి, బావ బీపీ గురించి. పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. దారిలో నా సంచి పట్టీ ఊడిపోయింది.

"సూదీ దారం ఎక్కడున్నాయక్కా?"

"మిషను సొరుగులో చూడు" అంది వంటింట్లోంచి, మామూలుగా.

సొరుగు లాగాను. బాబిన్లు, టేపు, అరిగిపోయిన సుద్దముక్క. బాబిన్ల వెనక జేబురుమాలు లేదు, ఖాళీ. చెయ్యి పెట్టి తడిమాను, ఖాళీ అని కనిపిస్తున్నా.

"దొరికిందా?" అని అడిగింది.

"దొరికిందక్కా" అని, సూది తీసుకుని సొరుగు మూసేశాను.