రెండో తూటా

బల్ల ముందు నిలబడి ఎల్డన్ లోమాక్స్ ఒక స్ప్రింగును అరచేతుల మధ్య నొక్కి వదులుతున్నాడు. పని ఎప్పుడూ నిలబడే. కుర్చీ ఉంది గానీ దాని మీద దాణా బస్తా ఉంటుంది. వయసు అరవై ఆరు. కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారిపోయింది. ఎడమ బొటనవేలికి గోరు లేదు, ఒకప్పుడు ఒక స్ప్రింగు ఎగిరి తన్ని పీక్కుపోయింది. వేళ్ల గీతల్లో నూనె మసి ఎంత సబ్బు రుద్దినా పోదు. ఆదివారం చర్చిలో ఆ చేతుల్ని తొడల కింద దాచుకుని కూర్చుంటాడు.

ఇలాంటి మనిషి గురించి కథేమిటయ్యా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. టెక్సస్ దాటి వెళ్లింది రెండేసార్లు, రెండూ చావులకే. దాణా కొట్టు వెనక గదిలో నలభై ఏళ్లు తుపాకులు బాగుచేశాడు. అంతే!

అయితే ఆ అంతేలో కొంచెం సంగతి ఉంది. ఈ రకం రైఫిల్ ఒక తూటా పేలాక, రెండోదాన్ని తనంతట తానే అందుకోవాలి. పేలిన జోరుకి లోపలి బోల్ట్ వెనక్కి పరిగెత్తి, ఖాళీ గుల్లను బయటికి విసిరి, ముందుకొస్తూ కొత్త తూటాను తోసుకురావాలి. దాన్ని అదుపు చేసేవి మడమలో, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలో, ఉండే స్ప్రింగు, దాని ముందు కూర్చునే బరువు ముక్క. ఆ ముక్కనే బఫర్ అంటారు. మరీ తేలికైతే బోల్ట్ వెర్రెత్తినట్టు కొట్టుకుంటుంది. మరీ బరువైతే సగం దూరం వెళ్లి చతికిలపడుతుంది, చలికి నూనె చిక్కబడితే మరీను. ఎల్డన్ ప్రతి రైఫిల్‌నూ ఒక రాత్రంతా జింక మాంసం ఉన్న ఫ్రీజర్లో పడుకోబెట్టి, తెల్లారి ఒక్క తూటా పెట్టి కాల్చేవాడు. లోపల ఇంకో తూటా లేకపోతే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లి అక్కడే ఆగాలి; ఆగిందా, మంచిది. అలా అయిదుసార్లు ఆగితేనే గడప దాటించేవాడు. ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. నవ్వుతూనే అతని దగ్గరికే వచ్చేవాళ్లు.

తలుపు కాలితో తన్ని రీథా లోపలికొచ్చింది. ఆమె వెంట ఉత్తరపు గాలి కూడా దూరింది.

"బతికే ఉన్నావా ఎల్డన్?"

అది పలకరింపో తిట్టో అతనికి తెలియలేదు. ఆమె మొగుడు రాయస్‌ను పూడ్చిపెట్టి తొమ్మిది రోజులైంది. గడ్డకట్టే చలిలో, గోధుమ చేలో, అడవి పంది అతని తొడ చీల్చేసింది. మొదటి తూటా పేలింది, రెండోది రాలేదు. ఊరంతటికీ తెలిసింది అంతవరకే.

రీథా అదే రైఫిల్‌ను బల్ల మీద పడేసింది. "దీనికేం రోగమో చూడు. సాయంత్రానికి కావాలి. ఆ వెధవ పంది ఇంకా నా చేలోనే ఉంది. నిన్న కుక్కను చీల్చింది. పేగులు నేనే లోపలికి తోసి, దుప్పట్లో చుట్టి పాతిపెట్టాను."

ఎల్డన్ మడమ విప్పాడు. గట్టి స్ప్రింగు, దాని ముందు బరువు బఫర్ జారి అరచేతిలో పడ్డాయి. చూడక్కర్లేకుండానే గుర్తుపట్టాడు. నోరు మూసుకుని ముక్క మార్చి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది.

"రీథా, ఇది నేను పెట్టిందేనమ్మా."

"ఏది?"

"ఈ బరువు ముక్క. భుజానికి ఆపరేషన్ అయింది కదా, కాల్చినప్పటి తన్ను తగ్గించమన్నాడు రాయస్. సెప్టెంబరు ఎండలో కాల్చి చూశా, బాగానే ఆడింది. ఫ్రీజర్లో పెట్టి చలి చూపించలేదు. మర్నాడే కావాలని తొందరపెట్టాడు." ఎల్డన్ ఆ ముక్కను బల్ల మీద పెట్టాడు. "కాదులే. వాడు ఆగుతానన్నాడు. తొందర నాదే, మర్నాడు నాకు గువ్వల వేట మొదలని."

ఆమె కొట్టింది. చెంపదెబ్బ కాదు, పిడికిలి. ఎద్దుల్ని కట్టుకొయ్యకి లాగే చెయ్యి అది. కళ్లద్దాలు ఎగిరి గోడకు తగిలాయి. రెండో దెబ్బకు పెదవి చిట్లి నోట్లో రక్తం నిండింది. మూడోది కొట్టబోయి చెయ్యి దించేసింది.

"బాగుచెయ్యి."

"ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్లు రీథా."

"అరవై మైళ్లలో ఇంకెవడున్నాడు? చచ్చినా బతికినా నీ చేతే చేయించుకోవాలి, నా ఖర్మ." కిందపడ్డ కళ్లద్దాల్ని కాలితో అతని వైపు తోసింది. "పైగా నువ్వూ వస్తున్నావు. మళ్లీ ఆగిపోయిందనుకో, అప్పుడు పక్కన నిలబడి కళ్లారా చూద్దువు గాని."

ఆమె ట్రక్కులో కూర్చోవడానికి వెళ్లింది. ఎల్డన్ సొరుగులన్నీ లాగాడు. మామూలు స్ప్రింగు దొరికింది. మామూలు బఫర్ ఒక్కటీ లేదు. ఈ మధ్య అందరికీ మెత్తగా తన్నే తుపాకులే కావాలి, అందుకని బరువు ముక్కలే తెప్పించి పెట్టాడు. గోడకు వేలాడుతున్న తన రైఫిల్ వైపు చూశాడు. ఎక్కువసేపేమీ ఆలోచించలేదు. దాని మడమ విప్పి, బఫర్ తీసి రీథా దానిలో పెట్టాడు.

రాత్రంతా ట్రక్కు తొట్టిలో పడి ఉన్న తుపాకీ, ఫ్రీజర్ అక్కర్లేనంత చల్లగానే ఉంది. పెరట్లో మట్టిగుట్ట మీదికి ఒక్కో తూటా పెట్టి కాల్చాడు. బోల్ట్ వెనక్కి వెళ్లి ఆగింది. అయిదుసార్లు చాలక ఇంకో అయిదు కాల్చాడు. పదిసార్లూ ఆగింది.

రాయస్‌ను చంపిన ముక్క బల్ల మీద ఉంది. దాన్నే తన రైఫిల్లో తోసి మడమ బిగించాడు. బయట హారన్ ఆగకుండా మోగుతోంది. కాల్చవలసింది రీథా కదా, తనకు మొదటి తూటా చాలనుకున్నాడు. నలభై ఏళ్లలో చలి చూపించకుండా ఆ గడప దాటిన తుపాకులు రెండే.

చేను సగం దున్నేసినట్టుంది. పందులు పచ్చటి పైరును వేళ్లతో సహా పెల్లగించాయి. ఎండ ఉంది గానీ వేడి లేదు. ఇద్దరూ ఇరవై అడుగుల ఎడంగా నడిచారు, రీథా వాగు వైపు, ఎల్డన్ ముళ్లపొదల వైపు. అతని పెదవి వాచి ఉంది.

వాగు గట్టు మీద మంద లేచింది. రీథా కాల్చింది. ఆడపంది బోర్లాపడి కీచుమంది. మళ్లీ కాల్చింది, మళ్లీ, మళ్లీ. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి, మట్టి ఎర్రబడింది. గుల్లలు ఆమె పక్కన వరసగా రాలాయి. ఎల్డన్ తన చుట్టూ ఏముందో మరిచిపోయి ఆ చప్పుడే విన్నాడు. ఎక్కడా తడబాటు లేదు. ఆ తొమ్మిది రోజుల్లో మొదటిసారి అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

ముళ్లపొదలు విరిగాయి. మగపంది.

ఎల్డన్ కాల్చాడు. తూటా మూపులో దిగింది, అది ఆగలేదు. మళ్లీ ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ లేదు. చూపు తుపాకీ మీదికి వెళ్లింది. ఖాళీ గుల్ల సగం బయటికొచ్చి బోల్ట్ నోట్లో నిలువుగా ఇరుక్కుని ఉంది. దాన్ని లాగేద్దామని చెయ్యి వేశాడు, చలికి వేళ్లు జారాయి. అప్పటికే పంది తొడల మధ్యకు దూరిపోయింది. కోర మోకాలి పైనుంచి గజ్జ దాకా గుడ్డ చింపినట్టు చింపింది. కింద పడ్డాక మళ్లీ పొడిచింది, పొట్టలో.

దూరం నుంచి కాలిస్తే అతనికి తగులుతుంది. రీథా బూతులు తిడుతూ పరిగెత్తుకొచ్చింది. గొట్టం పంది చెవికి ఆనించి నాలుగుసార్లు కాల్చింది. దాన్ని కాలితో అవతలికి దొర్లించి, తన బెల్టు లాగి అతని తొడకు బిగించింది. రక్తం బెల్టు పైనుంచి కూడా వస్తోంది.

"నీది..." అన్నాడు ఎల్డన్. "ఎక్కడైనా పట్టేసిందా?"

"లేదు. అన్నీ ఆడాయి. నోరు మూసుకో."

"అయితే సరే."

ఆమె పక్కన పడి ఉన్న అతని తుపాకీని, అందులో ఇరుక్కున్న గుల్లను చూసింది. పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, ఒకరు విప్పి చెప్పక్కర్లేదు.

"నీది తీసి నాదాన్లో పెట్టావు కదూ?" అంది. గల్లా పట్టుకుని ఊపింది. "ఎందుకురా? నేను అడిగానా? నేనేమైనా అడిగానా నిన్ను?"

ఎల్డన్ కళ్లు తెరిచే ఉన్నాయి. వాటి మీద ఎండ పడుతున్నా రెప్ప వాల్చలేదు. ఆమె చాలాసేపు గల్లా వదల్లేదు. తర్వాత తన కోటు తీసి అతని మీద కప్పి, చొక్కాతోనే ఆ గాలిలో ట్రక్కు దాకా నడిచి, అంబులెన్సుకు ఫోన్ చేసింది.

అతను కూర్చుని వచ్చిన వైపు సీటు మీద, మైనపు కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ ఉంది. చేనుకి వచ్చే దారిలో ఎల్డన్ వాచిన పెదవితో ఒక్క కొరుకు కొరికి, మిగతాది తిరిగి వెళ్లేటప్పుడు తిందామని కాగితం అంచులు మళ్లీ జాగ్రత్తగా లోపలికి మడిచి పెట్టాడు.