అరుపు ఆగాక

సినిమాల్లో హీరోయిన్లకి గొంతు అరువిచ్చే మనుషులున్నట్టే, అరుపులు అరువిచ్చే మనుషులూ ఉంటారు. ఈ కథలోని అక్కచెల్లెళ్లలో చెల్లెలి పని అదే. దయ్యం పట్టినా, కాన్పు కష్టమైనా, కారు లోయలో పడ్డా డబ్బింగ్ థియేటర్ వాళ్లు ఆమెకే ఫోన్ కొట్టేవాళ్లు. అక్కడ అందరూ ఆమెని కేకలమ్మ అనేవాళ్లు. అలాంటి కేకలమ్మకి యూనివర్సిటీ నుంచి పిలుపొస్తే ముందు నవ్వొచ్చింది. పనేంటో ప్రొఫెసరు చెప్పాక నవ్వు పోయి, ఆరా మొదలైంది.

జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని పేపర్లో ప్రకటన వేస్తారు. వచ్చినవాళ్లని మీటల వరస ముందు కూర్చోబెడతారు. గోడ అవతల ఒకావిడ ఉంది, మీరడిగే ప్రశ్నలకి ఆవిడ తప్పు చెప్పినప్పుడల్లా మీట నొక్కండి, కరెంటు తగులుతుంది, తప్పు తప్పుకీ జోరు పెంచండి అంటారు. కరెంటూ లేదు, పాడూ లేదు. గోడ అవతల ఉన్నది కేకలమ్మ, ఓ మైకు, చెవులకి హెడ్‌ఫోన్లు, ముందు స్క్రిప్టు. మొదట మూలుగు, తర్వాత వదిలెయ్యమని ఏడుపు, ఆపైన గుండె నొప్పని కేక, ఆఖరికి ఏ చప్పుడూ ఉండకూడదు. నొక్కేవాళ్లు తటపటాయిస్తే పక్కనున్న తెల్లకోటాయన "కానివ్వండి" అంటాడు. కొట్టడు, తిట్టడు. కానివ్వండి అంటాడు, అంతే.

ఆ ఒక్కమాటకే జనం నొక్కేస్తున్నారు. అదే ఆమెకి అంతుపట్టలేదు. బ్యాంకు గుమాస్తా నొక్కాడు. పాటల టీచరు ఏడుస్తూ నొక్కింది. మొన్నొచ్చిన వడ్రంగి చెమటలు కక్కుతూ చివరిదాకా నొక్కి, పోతూ పోతూ ఆవిణ్ణి ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారని అడిగాడు. బస్టాండు వెనకే నా కొట్టు, ఏదైనా అయితే కబురు చెయ్యండి సార్ అని బతిమాలాడు. తెల్లకోటాయన చూద్దాంలెండి అని సాగనంపాడు. హెడ్‌ఫోన్లలో అంతా వింటూనే ఉంది కేకలమ్మ. ఇంటికెళ్లినా అదే ఆలోచన. ఇంత మెత్తటి మనుషులు ఎందుకు నొక్కుతారు? నేనైతే ఏం చేసేదాన్ని? మా అక్కయితే?

అమ్మ పోయాక ఆమెని పెంచింది అక్కే. అక్క నర్సు, ఈమధ్యే రిటైరైంది. పని సంగతి బయట చెప్పనని సంతకం పెట్టింది కాబట్టి చెల్లెలు ఇంట్లో ఏమీ చెప్పలేదు. అందుకే ఆ రోజు హెడ్‌ఫోన్లలో అక్క గొంతు వినపడేసరికి కుర్చీలోంచి లేవబోయింది. ఊసుపోక ప్రకటన చూసి వచ్చానండీ అని తెల్లకోటాయనతో చెబుతోంది అక్క.

తెలిసినవాళ్లొస్తే వెంటనే చెప్పాలి, ఆపేస్తాం అని ప్రొఫెసరు మొదట్లోనే చెప్పి ఉన్నాడు. చెప్పలేదు ఈమె. తెలుసుకోవాలనే దురద అలాంటిది. గొంతు బొంగురు చేసి ముసలమ్మలా మాట్లాడింది.

అక్క నొక్కింది. ఈమె మూలిగింది. మళ్లీ నొక్కింది. ఈమె ఏడ్చింది. అప్పుడు అక్క ఏమందో తెలుసా?

"అయిపోయిందమ్మా, కొంచెమే. ఊపిరి వదులు."

చిన్నప్పుడు తన మోకాలు కాలితే కట్టు విప్పుతూ అక్క అన్నది సరిగ్గా ఇదే గొంతుతో. ఇప్పుడు అదే బుజ్జగింపు, అదే చెయ్యి, ఆ చేతి కింద మీట. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. స్క్రిప్టులో లేని కేకలు పెట్టింది, గొంతు చీరుకుపోయేలా. అక్క ఆగలేదు. డాక్టరు చెప్పిన సూది పొడవాల్సిందే, రోగి అరవాల్సిందే, నర్సు ఓదార్చాల్సిందే. ఉద్యోగమంతా అలాగే గడిచింది ఆమెకి. ఎవడి కోటైనా తెల్లగా ఉంటే చాలు, వేళ్లు వాటంతటవే కదులుతాయి.

గుండె నొప్పి కేక కూడా అయింది. తర్వాత స్క్రిప్టు ప్రకారం చెల్లెలు నోరు మూసుకుంది.

ఇక్కడ మిగతావాళ్లందరూ హమ్మయ్య అనుకునేవాళ్లు. అరుపు ఆగితే నొక్కడం ఇంకా తేలిక. అక్క మాత్రం ఇంకో ప్రశ్న అడిగి, జవాబు రాకపోయేసరికి ఆగిపోయింది. జవాబు లేకపోతే తప్పు కిందే లెక్క, కానివ్వండి అన్నాడు తెల్లకోటాయన.

"ఉండవయ్యా. అరుస్తున్నంతసేపూ పర్లేదు. ఇప్పుడు అరవట్లేదు."

కుర్చీ ఈడ్చిన చప్పుడు, వరండాలో పరుగు, ఆ వెంటనే చెల్లెలి గది తలుపు మీద దబదబా దెబ్బలు. గడియ లోపలుంది. హెడ్‌ఫోన్లలో ప్రొఫెసరు గొంతు, పలకొద్దు, ఎంతసేపు కొడుతుందో చూద్దాం అంటోంది. చెల్లెలు పలకలేదు. అవతల అక్క ఏమ్మా, ఏమ్మా అని పిలుస్తూ భుజంతో తలుపు గుద్దుతోంది. ఈమె గడియ వంక చూస్తూ కూర్చుంది. మీటలు నొక్కినవాళ్లందర్నీ తలుచుకుని ఇన్నాళ్లూ ఆశ్చర్యపోయిన మనిషి!

చివరికి లేచి తీసింది.

అక్క ఆమె మొహం చూడలేదు. ముందు మణికట్టు పట్టుకుంది, నాడి చూసింది. ఆ తర్వాతే తలెత్తింది.

"నువ్వా?"

"నేనేనక్కా."

"గొంతు మార్చి మరీ కూర్చున్నావా?"

"నువ్వు ఎక్కడ ఆగుతావో చూద్దామని."

"చూశావుగా."

ఈలోగా ప్రొఫెసరు చేతులు నులుముకుంటూ వచ్చాడు. తలుపుదాకా వచ్చిన మొదటి మనిషి మీరేనమ్మా అని మురిసిపోయాడు. అక్క ఆ పొగడ్త పుచ్చుకోలేదు. అరుస్తున్నంతసేపూ నొక్కాను, అదీ రాసుకోండి అంది. అంతకుముందు వచ్చినవాళ్లకి ఈవిడ బాగానే ఉందని చెప్పారా అని అడిగింది. పరిశోధన పూర్తయ్యాక అందరికీ తెలియజేస్తాం, ఇప్పుడే చెబితే ఊరంతా పాకి మొత్తం పాడవుతుంది అన్నాడాయన.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "వాళ్లు అలాగే ఇళ్లకి వెళ్తున్నారని నీకు తెలుసా?"

తెలుసంది. అక్క చెప్పులు వేసుకుంది. చెల్లెలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసి, బస్టాండు వెనకే వడ్రంగి కొట్టుందక్కా అంది. ఒప్పందం గుర్తుచేస్తూ ప్రొఫెసరు గేటుదాకా వెంటబడ్డాడు.

వడ్రంగి తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాడు. గడ్డం మాసి ఉంది. ఆ రోజు అరిచినావిడ నేనే, నాకేం కాలేదు అని చెల్లెలు చెబితే నమ్మలేదు. ఎవరు పంపారమ్మా నిన్ను అన్నాడు. ఏం చెయ్యాలో తోచక చెల్లెలు అక్కడే, కొట్టులోనే, ఆ గుండె నొప్పి కేక పెట్టింది. చిత్రిక అతని చేతిలోంచి జారి పడింది. వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు.

అతను కింద పడ్డ చిత్రిక తీసి బల్ల మీద పెట్టి అడిగాడు. "అయితే నేనెవర్నీ ఏం చెయ్యనట్టేనా?"

"చేశాం నాయనా, నువ్వూ నేనూ. దీనికి కరెంటు తగల్లేదు, అంతే" అంది అక్క.

అతను బల్ల మీది పొట్టు చేత్తో ఊడ్చి ఆమెని కూర్చోమన్నాడు. మీరు ఎందాకా నొక్కారని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. తనకి ఎక్కడ ఆపేద్దామనిపించిందో, అయినా ఎలా నొక్కాడో అతనూ చెప్పడం మొదలుపెట్టాడు. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి వింటోంది. లోపలికి రమ్మని అక్క ఇంకా అనలేదు.