బాలమణి పేజీలో కోరుట్ల వాన

సిరిసిల్లలో వాన సంగతి అందరికంటే ముందు తెలిసేది జనార్దన్‌కే. ఆకాశానికి కూడా ఆయన తరువాతే తెలిసేది. మేఘాలు మానేరు వాగు దాటే ముందు ఆయన గుమ్మంలో ఆగి, కురవమంటావా పొమ్మంటావా అని అడిగి వెళ్లేవని వాడలో చెప్పుకునేవారు.

చెప్పుకునేవారు గాని, అదంతా ఉత్తదే. ఆయన చూసేది కోరుట్ల వాన. సిరిసిల్లలో కూర్చుని కోరుట్ల మబ్బును నమ్మి, నడినెత్తిన ఎండ కాస్తుంటే గొడుగు పట్టుకుని చాయ్ తాగడానికి పోయేవాడు. ఎప్పుడో ఒకసారి కలిసొచ్చేది. వాడ ఆ ఒకసారినే గుర్తుపెట్టుకుంది.

ఆ వాన కంప్యూటర్‌లో ఉండేది. ఆయన భార్య బాలమణి పుట్టిల్లు కోరుట్ల. ఆమె చెల్లెలు స్వరూప జగిత్యాలలో నెట్ సెంటర్ నడుపుతుంది. అక్కడ నేర్చుకుని వచ్చి, ఇంట్లో కంప్యూటర్ తెరవగానే ముందుగా కనిపించే పేజీ ఒకటి బాలమణి తనకోసం అమర్చుకుంది. ఇంటర్నెట్‌లో ఎక్కడికి పోవాలన్నా అక్కడి నుంచే పోయేది. పోపులడబ్బాలో గిన్నెల్లా చిన్న చిన్న గడులు: ఒకదానిలో పుట్టింటి వాతావరణం, ఒకదానిలో పంచాంగం, ఒకదానిలో నూలు ధరలు, ఇంకా ఏవేవో. నచ్చినదాన్ని పైకి తెచ్చేది, విసుగొచ్చినదాన్ని కిందికి నెట్టేది.

బాలమణి పోయి ఏడాది కావస్తోంది. జనార్దన్ ఏడవలేదు. దినాలయ్యాక మరమగ్గాలు ఆన్ చేశాడు. ఆ ఊళ్లో వాటిని సాంచెలంటారు. ఆ చప్పుడులో ఎవరేమన్నా తలూపేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. పొద్దున్నే మాత్రం ఆ పేజీ ముందు కూర్చుని కోరుట్లలో మబ్బుందో లేదో చూసేవాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

ఒకరోజు పేజీ మీద పసుపుపచ్చ పట్టీ వచ్చింది. ఇంగ్లిష్‌లో ఉంది. ఫోటో తీసి స్వరూపకు పంపాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"బావా, గా కంపెనీ నెలాఖరుకు గీ పేజీలను బంద్ పెడుతదట. వాడేటోళ్లు లేరట."

"నేను వాడుతున్న గదా."

"నువ్వొక్కనివి వాడితే కంపెనీ నడుస్తదా? అక్క ఏమేం పెట్టిందో రాసి పంపు. వేరేకాడ కొత్తది చేసిస్త."

ఆయన రాయలేదు. ఆయన ఎరిగిన ఉపాయం వేరు. మగ్గం మీద నూలు అయిపోయినప్పుడు పాత పోగులను పూర్తిగా లాగెయ్యరు. కొసలను దువ్వెనలాంటి పన్నెలోనే ఉంచి, కొత్త నూలును వాటికి అతుకుతారు. కొసలున్నంతసేపు పని నిలిచినట్టు కాదు. పేజీ కూడా అంతే అనుకున్నాడు. మూస్తేనే కదా పోయేది! కంప్యూటర్ ఆపలేదు. మౌస్ ముట్టుకోలేదు. ఎక్కడినుంచో ఇన్వర్టర్ తెచ్చి దానికి తగిలించాడు.

నెలాఖరు దాటింది. పేజీ ఉంది. గడిలో కోరుట్ల మబ్బు, దాని కింద చినుకులు కదలకుండా నిలబడ్డాయి.

స్వరూప మళ్లీ ఫోన్ చేసింది. "ఎట్లున్నవ్ బావా?"

"మీ కోరుట్లల వాన తగ్గలే గదా."

"ఏం వాన? అమ్మ మక్కలు ఆరవోసింది. ఎండకు నెత్తి పలుగుతుంది."

"గీడ పడుతుంది. చూస్తున్న."

"రేపొస్తున్న," అంది స్వరూప.

ఆమె వచ్చిన రోజున సిరిసిల్లలో నిజంగానే వాన కొట్టింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మధ్యాహ్నం దాకా మూలిగి ఊరుకుంది. కరెంటు వచ్చాక స్వరూపే స్విచ్ నొక్కింది. తెల్లటి తెర మీద, ఈ పేజీ లేదన్న ఒక్క ముక్క.

జనార్దన్ చూశాడు. సాంచె మీద పోగు తెగితే చూసినంతసేపు కూడా చూడలేదు.

"పోనీ బావా, కొత్తది చేస్త. కోరుట్ల వాతావరణం, పంచాంగం, నూలు ధరలు... ఇంకేం ఉండె?"

ఆయనకు గుర్తురాలేదు. ఏడాదంతా చూసింది ఒక్క గడినే.

"కుడిపక్క ఏదో పచ్చగ ఉండె."

"పచ్చగనా? ఏంది, తోటనా, కూరగాయలా?"

"ఎరుక లేదు."

"నీతోని అక్క ఎట్ల ఏగిందో ఏమో! సరే, నీకేం గావాలె చెప్పు. అక్కకు గాదు, నీకు."

"నాకేం వద్దు."

"అయితే ఖాళీ గడులే పెడుత. యాదికొచ్చినప్పుడు నింపుకో."

పెట్టింది. ఆయన ఆ ఖాళీ గడులను చూస్తూ, "తిన్నవా స్వరూపా?" అని అడిగాడు.

మేఘాల సంగతి ఉత్తదని ముందే ఒప్పుకున్నాను. అది కాక ఇందులో నేను కల్పించింది ఒక్కటే, తిన్నవా అన్న ఆ చివరి మాట. జనార్దన్ ఏమీ అడగలేదు. స్వరూపే వంటింట్లోకి పోయి, ఉన్నది రెండు కంచాల్లో పెట్టి తెచ్చింది. కూరలో ఉప్పు లేదు. ఆయన చెప్పలేదు, ఆమె ఉప్పు కోసం లేవలేదు. ఇద్దరూ తిన్నారు.